వెనక తలుపు నాలుక

బావగారికి,

ఇంట్లో చెబితే అక్క వింటుంది, ఫ్యాక్టరీలో చెబితే మీ సూపర్‌వైజరు వింటాడు. అందుకే రాసి మీ లాకర్లో వేస్తున్నాను.

రోబో గది మూడు తలుపులకీ స్విచ్చిలు బిగించి వైర్లు లాగింది నేనే. తలుపు తీయగానే దానికున్న ఇనుప నాలుక స్విచ్చిలోంచి ఊడి రావాలి, రోబో ఠక్కున ఆగాలి. వెనక తలుపు బార్లా తెరిచినా ఆగట్లేదని మూడు రోజులుగా పైవాళ్ళు నా ప్రాణం తీస్తున్నారు. నా పనే తప్పేమోనని వైరింగంతా విప్పి మళ్ళీ కట్టాను. నడుం పడిపోయింది. చివరికి స్విచ్చి మీద వేలాడుతున్న మసిగుడ్డ తీస్తే, లోపల ఇంకో నాలుక దూర్చి, ఊడకుండా టేపు చుట్టి ఉంది.

ఎవరి పనో అడగక్కర్లేదు. ఆ స్పేరు నాలుక మీ చేతిలో పెట్టింది నేనే. "ఒకటి నా దగ్గరుంచు బామ్మర్దీ, ఉన్నది విరిగితే అక్కరకొస్తుంది" అన్నారు. ఇచ్చాను.

రోబో ఆగితే మళ్ళీ మొదలెట్టడానికి పది నిమిషాలు పడుతుందనీ, పని వెనకబడితే మాట పడేది మీరేననీ నాకు తెలుసు. నిన్న మీరు లోపల వంగి ఉండగా ఆ ఇనుప చెయ్యి మీ చెవి పక్కనుంచి పోవడమూ చూశాను. అక్కకి చెప్పలేదు.

నాలుక పీకేశాను. రేపు మీరు తలుపు తీస్తే రోబో ఆగుతుంది. నన్ను తిడతారు. తిట్టండి బావా, రెండు చేతులూ ఊపుతూ తిట్టండి.

మీ బామ్మర్ది