వీపు చూసే మనిషి

నా కూతురు చిరంజీవి విల్లాకు నాన్న దీవెనలు.

ఇక్కడ కనెటికట్‌లో నేను, కుక్క, మీ అమ్మ నాటిన ఆపిల్ చెట్లు కులాసా. అలాస్కా సముద్రంలో చేపల ఓడ మీద నువ్వూ అలాగే ఉన్నావనుకుంటాను. అడిగావు కనుక చెబుతున్నాను, నువ్వు పంపిన చేతితొడుగులు సరిపోయాయి. రాతిగోడల పని బాగానే దొరుకుతోంది.

జూన్‌లో జ్వరం వస్తే రక్తపరీక్ష చేయించుకున్నానని, పిడుదు కుడితే వచ్చే లైమ్ జబ్బు లేదన్నారని రాశాను. అది నిజమే. ఆ కాగితం ఫ్రిజ్ తలుపుకు అంటించి, ఒళ్ళు నొప్పులు పుట్టినప్పుడల్లా చదువుకుని పనికి పోయాను. తర్వాత జరిగింది నీకు రాయలేదు. జూలైలో ఒక పొద్దున నా ముఖం కుడి సగం జారిపోయింది. కన్ను మూతపడదు. తాగిన కాఫీ గడ్డం మీదికి కారింది.

పక్కింటి ఆడెల్ గుడ్లు ఇద్దామని వచ్చి చూసింది. జబ్బు లేదని కాగితంలో ఉందన్నాను.

"కాగితం నీ వీపు చూసిందా, ఓరిన్? చొక్కా విప్పు."

"ఇరుగుపొరుగు చూస్తే ఏమనుకుంటారు?"

"నీ ఇరుగూ పొరుగూ నేనే. విప్పు."

భుజం కింద పళ్ళెమంత ఎర్రటి వలయం ఉందట. గసగసాల గింజంత పిడుదు కుట్టిన చోటు. సాయంత్రం పని నుంచి రాగానే ఇక్కడ మొగుడి వీపు పెళ్ళాం, పెళ్ళాం వీపు మొగుడు పిడుదుల కోసం వెతకడం నీకు తెలిసిందే. మీ అమ్మ పోయాక నా వీపు ఎవరూ చూడలేదు.

ఆడెల్ నన్ను ఆసుపత్రికి లాక్కుపోయింది.

"ఈ పరీక్ష క్రిమిని వెతకదండీ," అంది డాక్టరమ్మ. "దాని మీద మీ ఒళ్ళు తయారుచేసే ప్రతిరక్షకాలను వెతుకుతుంది. అవి పుట్టడానికి వారాలు పడుతుంది. జూన్‌లో మీరు మరీ ముందే వచ్చారు."

"దొంగ దూరాడు, కుక్క ఇంకా లేవలేదు," అంది ఆడెల్.

"అంతే. దొంగ పోయాక కూడా అది ఏళ్ళ తరబడి మొరగొచ్చు. నయమైందో లేదో కూడా దీంతో తేలదు."

మళ్ళీ రక్తం తీసింది కానీ ఫలితం కోసం ఆగలేదు. ముఖాన్నీ వలయాన్నీ చూసి మందు మొదలుపెట్టింది. ఇప్పుడు కన్ను మూతపడుతోంది. ఈల ఇంకా సరిగా రాదు. అయినా మన కుక్క మర్యాదకి వస్తోంది.

నీ వీపు ఇప్పుడు ఎవరు చూస్తున్నారు నాన్నా అని కిందటి ఉత్తరంలో అడిగావు. ఆ ప్రశ్న దాటేద్దామనుకున్నాను. ఆడెల్ చూస్తోంది. ఆమె వీపు నేను చూస్తున్నాను. మా రెండు స్థలాల మధ్య నేను కట్టిన గోడలో మనిషి పట్టేంత దారి తీశాను. రాళ్ళు పక్కనే పెట్టాను. నీకు ఇష్టం లేదంటే మళ్ళీ పేర్చగలను.

పేర్చాలని మాత్రం లేదు.

ఇట్లు,
నీ జవాబు కోసం చూసే
నాన్న