దొర్లే రాయి, కొండమీది గడియారం

పైవానో, సెప్టెంబరు

డాక్టర్ మిరెయా గారికి,

'ప్రియమైన' అని రాయడానికి చెయ్యి రావట్లేదు. ఆదివారం భోజనాల బల్ల దగ్గర, చిక్కుడుగింజల కూర వడ్డిస్తుండగా, అందరి ముందూ ఏమన్నారు? "వేసవి వస్తోందని దేశమంతా గడియారాలు గంట ముందుకి జరిపితే, ఎలిసియో టెలిస్కోపు గడియారం కూడా జరిపేశాడు. మూడు రాత్రుల కొలతలు చెత్తబుట్ట పాలు!" తెల్లారేసరికి అబ్జర్వేటరీ ఆఫీసువాళ్లు నన్ను కొండెక్కే వ్యాను ఎక్కొద్దన్నారు.

నేను బడి మానేసినవాణ్ణే. మీరు పారేసిన పుస్తకాలు చదివి టెలిస్కోపు నడపడం నేర్చుకున్నవాణ్ణే. ఆ గడియారం దేశం టైముతో పనిలేకుండా గ్రీనిచ్ టైములో నడుస్తుందని నాకు తెలీదా? ముట్టుకోలేదు. మీరు నాతో కొలిపిస్తున్న గ్రహశకలం వెలుగు మీరనుకున్న వేళకి తగ్గకపోతే నాదా జవాబుదారీ? దాని చుట్టూ ఇంకో చిన్న రాయి తిరుగుతోందేమో!

నిన్న బస్సు డ్రైవరు అందరికీ వినబడేలా అరిచాడు: "టైము చూడ్డం రాని చుక్కలోడా, బండి ఎన్నింటికో చెప్పు!"

ఎలిసియో

*

ప్రియమైన ఎలిసియో,

'ప్రియమైన' అని నువ్వు రాయకపోయినా నేను రాస్తాను. రాయి తిరిగేకొద్దీ దాని వెలుగు పెరుగుతుంది, తగ్గుతుంది. నాలుగు రాత్రుల కొలతలు ఒకదాని మీద ఒకటి పేరిస్తే చక్కగా కూర్చున్నాయి. ఏడు గంటలకో చుట్టు. గడియారాలు జరిపాక తీసిన మూడు రాత్రులే కూర్చోలేదు. ఎవరైనా ఏమనుకుంటారు? ఇంకో రాయే ఉంటే క్రమం తప్పకుండా వెలుగుకి అడ్డం రావాలి. రాలేదు.

కోపం చల్లారాక రా. నీ తరఫున ఆఫీసుతో మాట్లాడతాను.

ప్రేమతో,
మిరెయా

*

డాక్టరమ్మా,

నా తరఫున మాట్లాడ్డానికి నేనేం దొంగనా? చల్లారదు.

ఆ మూడు రాత్రులూ అదే గడియారంతో పక్క గది శాస్త్రవేత్తల కోసం ఇంకో గ్రహశకలాన్ని కూడా కొలిచాను. అడిగి తీసుకుని చూడండి. గడియారం అబద్ధమాడితే రెండు రాళ్ల విషయంలోనూ ఆడాలి. ఒక్కదానికే అబద్ధం చెప్పే గడియారం ఉంటే చూపించండి, వచ్చి మీ కాఫీ కప్పులు కడుగుతాను.

నా మాట నిజమని తేలితే మాత్రం చెవిలో చెప్పొద్దు. ఏ బల్ల దగ్గర అన్నారో ఆ బల్ల దగ్గరే చెప్పాలి.

ఎలిసియో

*

ప్రియమైన ఎలిసియో,

చూశాను. పక్క గదివాళ్ల రాయి నిమిషం తేడా లేకుండా కూర్చుంది. గడియారం సరిగ్గానే ఉంది. నీ చిన్న రాయి ఊహ మాత్రం తప్పే, మీసం మెలెయ్యకు.

మన రాయి ఒక్క ఇరుసు మీద తిరగట్లేదు. రయువెలా ఆటలో తాగినవాడు విసిరిన ఇనప బిళ్లలా, తిరుగుతూనే తూలుతూ పల్టీలు కొడుతోంది. తిరుగుడుది ఒక లయ, తూలుడుది ఇంకో లయ. నాలుగు రాత్రులు కలిసొచ్చి నన్ను మోసం చేశాయి. నిజం చెప్పిన మూడింటినీ నేను పారేశాను.

నిన్న అదే బల్ల దగ్గర, కూర వడ్డించకముందే లేచి, తప్పు నాదేనని చెప్పాను. వంటామె నోల్ఫా గరిటె పట్టుకుని, "గట్టిగా చెప్పండి డాక్టరమ్మా, ఆ రోజు వంటింటిదాకా వినబడిందిగా!" అంది. మళ్లీ చెప్పాను. ఆఫీసుకీ రాశాను. గురువారం నీకోసం వ్యాను ఆగుతుంది.

మిరెయా

*

ప్రియమైన డాక్టరమ్మా,

'ప్రియమైన' అని రాశాను, చూసుకోండి. కోపం పోయిందనుకోకండి. నోల్ఫమ్మ విన్నది, సరే. ఆ డ్రైవరుకి ఎవరు చెబుతారు?

గురువారం మీ వ్యాను ఎక్కను. వాడి బస్సులోనే వస్తాను. కొండ కింద స్టాపులో మీరు నిలబడండి. వాడి ముందు మూడోసారి చెప్పండి. అప్పుడు పైకొచ్చి ఆ దొర్లే రాయిని ఎన్ని రాత్రులైనా కొలుస్తాను.

అందాకా గడియారం ఎవ్వరూ ముట్టుకోవద్దు.

మీ
ఎలిసియో