జానెడు సందు

జనవరి 4

చలికి గమ్ పట్టడం లేదు. కారు సీటుకి రెక్సిన్ అతికిస్తే సాయంత్రానికి పెచ్చులా ఊడి వస్తోంది. అన్న ప్రొపేన్ గ్యాస్ హీటర్ తెచ్చి, పెట్టె వదిన కాళ్ళ దగ్గర పడేసి వెలిగించమన్నాడు. సీట్లు కుట్టే ఈ షెడ్డు నాన్న మా ఇద్దరికీ ఇచ్చాడు. అన్న మాత్రం అంతా తనదే అనుకుంటాడు, మనుషులతో సహా.

మాన్యువల్ చదివింది నేనే. సిలిండర్ నిటారుగా నిలబెట్టి, రెగ్యులేటర్ బిగించి, జాయింట్ల మీద సబ్బు నీళ్ళు పూశాం. బుడగలు రాలేదు, లీకు లేదన్నమాట. ఫోమ్ అంతా అవతలి గోడకి చేర్చాం. గమ్ పూయడం ఇక షట్టర్ బయటే. షట్టర్ జానెడు ఎత్తి ఉంచాలన్నాను, లేకపోతే లోపలి గాలి విషమవుతుంది. ఊరందరికీ వేడి పంచిపెడతావా అని అన్న వెటకారం.

జనవరి 5

మూడుసార్లు ఆరిపోయింది. ఒకప్పుడు ఇది బండ్లు కడిగే షెడ్డు, నీళ్ళు పోవాలని నేల వాలుగా పోశారు. హీటర్ అడుగున ఒక స్విచ్ ఉంది, ఒరిగితే మంట ఆర్పేస్తుంది. ఈ వాలుకి అది పడిపోయాననుకుంటోంది పాపం.

ఆరినప్పుడల్లా అన్న వదినని కొట్టాడు. మూడోసారి ఇనప స్కేలుతో. అడ్డం వెళ్తే నన్ను గోడకేసి తోశాడు. మోచెయ్యి బూరెలా వాచింది.

జనవరి 7

ఇవాళంతా ఒక్కసారి కూడా ఆరలేదు. ఎందుకో నాకు నచ్చలేదు.

జనవరి 8

సిలిండర్ ఆపేసి, చల్లారాక హీటర్ తిరగేసి చూశాను. స్విచ్‌ని తీగతో బిగించి కట్టేశారు. అంటే బోర్లా పడ్డా మండుతూనే ఉంటుంది, షెడ్డులో అంత ఫోమ్ పెట్టుకుని. ఒళ్ళు మండిపోయింది. తీగ తీసుకెళ్ళి అన్న మొహాన కొట్టాను. మమ్మల్ని కాల్చి చంపుతావా అని అడిగాను. తనకేం తెలియదన్నాడు. అబద్ధాలకోరువన్నాను. చెంప ఛెళ్ళుమంది. ఊరుకోవడం నా వల్ల కాదు, చెయ్యి కొరికాను. నోట్లో రక్తం.

సాయంత్రం వదిన నా పెదవి తుడుస్తూ అంది: "ఆ తీగ కట్టింది నేనే. అది ఆరిపోతే దెబ్బలు పడేది నాకేగా."



జనవరి 9

మళ్ళీ తీగ కట్టనని వదిన చేత ఒట్టు వేయించుకున్నాను. వాలు వైపు చెక్క పెట్టి, పైన రాతి పలక వేసి, గ్లాసులో నీళ్ళు పోసి లెవెల్ చూశాం. హీటర్ బుద్ధిమంతుడిలా మండింది. వదిన నవ్వింది.

జనవరి 11



కుట్టు వంకరగా ఉందని ఎవరో సీటు తిప్పి పంపారు. అన్న వదినని జుట్టు పట్టి ఈడ్చి విసిరాడు. ఆమె హీటర్ మీద పడింది. అది వెళ్ళి కోసి పడేసిన ఫోమ్ ముక్కల మీద బోర్లా పడింది. అడుగు స్విచ్ టిక్ మంది. ఆరింది. ఫోమ్ కాస్త నల్లబడి కంపు కొట్టింది, అంతే. వదిన ముంజేయి మాత్రం కాలింది.

పరుగెత్తి సిలిండర్ ఆపేసి వెనక్కి తిరిగాను. అన్న వదిన మీద స్కేలు ఎత్తి ఉన్నాడు. మళ్ళీ ఆర్పావా అంటున్నాడు.

చెక్క సుత్తి తీసి అన్న మణికట్టు మీద కొట్టాను. ఎముక విరగడం చెవులారా విన్నాను. భుజం మీద ఇంకొకటి. మూడోసారి ఎత్తితే వదిన నా చెయ్యి పట్టుకుంది. ఆపుతోందనుకున్నాను. సుత్తి లాక్కుని ఆ దెబ్బ తనే కొట్టింది.

జనవరి 12

వదిన డాక్టరుతో ఉన్నదున్నట్టు చెప్పింది. మెట్ల మీంచి పడ్డానని అనకపోవడం ఇదే మొదటిసారి.

జనవరి 14

హీటర్‌కి కొత్త గ్యాస్ గొట్టం వేశాం. సబ్బు నీళ్ళు వదినే పూసింది, నాబ్ నొక్కిపట్టి తనే వెలిగించింది. షట్టర్ జానెడు ఎత్తి లోపల గొలుసు వేశాం. సందులోంచి అన్న బూట్లు కనిపిస్తున్నాయి. చలేస్తోందట, తియ్యమంటున్నాడు.

పూర్తిగా దించెయ్యనా అన్నాను. వదిన వద్దంది. గాలి రావాలిగా అంది.