మైకు ఆపకుండా చేసిన ప్రార్థన

మెదక్.

ప్రభువు కాపుదలలో ఉన్న చెల్లెలు సుగుణకు, అక్క శాంతమ్మ ప్రేమతో వ్రాయునది.

ఇక్కడ నేను, తమ్ముడు దేవదాసు బాగున్నాము. అల్లాదుర్గంలో అమ్మ, మరిదిగారు, పిల్లలు బాగున్నారని నమ్ముతున్నాను. అమ్మ మోకాళ్ళ నొప్పి ఎట్లున్నదో రాయి.

బడి నౌకరీ ముగిసి నేను తమ్ముడి దగ్గరికి వచ్చి మూడు నెలలైంది. వానలు బాగానే పడుతున్నాయి. ఇక్కడి నల్లా నీళ్ళకు పప్పు తొందరగా ఉడకదు. సాయంత్రం పూట మీరంతా గుర్తుకు వస్తారు. దిగులు పడవద్దు, నేను బాగానే ఉన్నాను. ఎవరైనా ఇటు వస్తే మన ఎండుమిరపకాయలు కొన్ని పంపు.

తమ్ముడి పని ఏమిటో అమ్మకు చదివి చెప్పు. మిలిటరీలో తీగల పని నేర్చాడు కదా. తర్వాత పట్నంలో రేడియో దుకాణంలో చేశాడు. ఇప్పుడు ఇంట్లో ఒక్క రేడియో పెట్టి, కప్పుల మీదుగా వైర్లు లాగి, ఇరవై రెండు ఇళ్ళలో ఒక్కో స్పీకరు డబ్బా బిగించాడు. ఇక్కడ రేడియో పెడితే అన్ని ఇళ్ళలో వార్తలు, పాటలు వినిపిస్తాయి. మైకులో మనం మాట్లాడినా వినిపిస్తుంది. పట్నం సేటు మళ్ళీ నౌకరీకి రమ్మని కబురు మీద కబురు పెడుతున్నాడు. వీడేమో, "ఒకని కింద చేసింది చాలక్కా. గీ వైర్లతోటే మెదక్ అంత అల్లుకుంట పోత" అంటాడు. ఆ పనిని నేనే చెడగొట్టబోయాను.

పోయిన మంగళవారం వాడు వైరు కొనడానికి రామాయంపేట పోతూ, రేపు పాత వైర్లు మార్చాలి గనుక డబ్బాలు మోగవని మైకులో చెప్పమన్నాడు. చెప్పాను. మైకు ఆపడం మరిచి, అక్కడే మోకరించి, రోజూలాగే పైకి ప్రార్థన చేశాను. నా బడి గొంతు నీకు తెలుసు. తమ్ముడి పని నిలబెట్టమని అడిగాను. "దర్జీ మల్లయ్యకు శాంతి ఇవ్వు తండ్రీ, కంచం విసిరే ఆ చేతిని నెమ్మదింపజేయి" అని కూడా అన్నాను.

ఆమెన్ అనేసరికి మల్లయ్య డబ్బా చంకలో పెట్టుకుని వాకిట్లో ఉన్నాడు. వెనుక నలుగురు.

"పంతులమ్మా, దేవునికి చెప్తున్నవా, ఊరికి చెప్తున్నవా?"

"తప్పైంది మల్లయ్యా. మైకు బందు చెయ్యలే."

"గది కాదు. నా ఇంట్ల ముచ్చట నీకెట్ల తెల్సింది? గీ డబ్బా మా మాటలు గూడ మోసుకొస్తున్నదా?"

నేను నోరు విప్పలేదు. అతని భార్య యాదమ్మ నల్లా దగ్గర ఏడుస్తూ చెప్పిన మాట అది. నా మౌనం చూసి అందరూ డబ్బానే చెప్పిందనుకున్నారు. మరునాటికి తొమ్మిది ఇళ్ళవాళ్ళు డబ్బాలు ఊడదీసి తెచ్చి అరుగు మీద పెట్టి పోయారు.

తమ్ముడు నన్ను కోప్పడలేదు. "డబ్బాకు చెవులు లెవ్వని ఎంత చెప్పినా ఇంటలేరక్కా. నీకెవరు చెప్పిండ్రో ఒక్కమాట అను, చాలు."

"నన్ను నమ్మి చెప్పింది రా. అనలేను."

"అయితే నేను పట్నం పోవుడేనా?"

వాడు సేటుకు ఉత్తరం రాయడానికి కాగితం తీశాడు.

శుక్రవారం పొద్దున నల్లా దగ్గర ఆడవాళ్ళు నన్ను చూసి పక్కకు జరిగారు. ఎదురుగానే మల్లయ్య దుకాణం, అతను మిషన్ ముందు ఉన్నాడు. యాదమ్మ బిందె కింద పెట్టింది.

"డబ్బా చెప్పలే. నేనే చెప్పిన. అన్నం పెట్టిన కంచం ఇసిరిండు, తట్టుకోలేక ఏడ్చి చెప్పిన. పంతులమ్మ నా పేరు దాస్తున్నది, మీరేమో ఆమెను దొంగను చేస్తున్నరు."

పక్కనున్న ఒకామె, "మా ఇంటాయన ఇసరడా ఏంది? నేను చెప్పుకోలే, గంతే" అంది. మల్లయ్య తల ఎత్తలేదు.

సాయంత్రానికి ఎనిమిది ఇళ్ళవాళ్ళు డబ్బాలు తీసుకుపోయారు. సేటుకు రానని తమ్ముడు రాశాడు. "అక్కా, నీ ప్రార్థన జర ఆ లోపలి అర్రల చేసుకో" అని నవ్వాడు.

మల్లయ్య డబ్బా ఇంకా మా అరుగు మీదే ఉంది. ఆనాటి నుంచి అతను కంచం విసరలేదట, భార్యతో ఒక్క మాట కూడా మాట్లాడలేదట. విసిరినా బాగుండు అంటుంది యాదమ్మ. మన తమ్ముడి పనిని కాపాడింది ఆమె. నేను కాదు.

అమ్మను మా ఇద్దరినీ దీవించమని చెప్పు. మరిదిగారికి, పెద్దలందరికీ వందనాలు. పిల్లలకు ముద్దులు. యాదమ్మ కోసం మీ ఇంట్లో కూడా ప్రార్థన చేయండి. తలుపు దగ్గరికి వేసుకుని, మెల్లగా.

ప్రభువునందు నీ అక్క,
శాంతమ్మ