ఒళ్ళు దులపని పోతు

టాబియా, ఫిజీ, 1916

ఒకే ఓడలో ఒకే పళ్ళెంలో తిన్న తమ్ముడు మున్సామికి, అన్న కన్నయ్య రాసేది. బా ఊళ్ళో నువ్వూ నీ ఇంటిదీ చల్లగా ఉండాలి.

ఇక్కడ మేకలెలా ఉన్నాయని అడిగావు. మేకల తప్పేం లేదు, మనుషులే ఎందుకూ పనికిరారు. గిర్మిట్ కూలి ఒప్పందం తీరి కాస్త కౌలు నేల దొరికేసరికి ప్రతివాడూ మేకల కాపరే. మేత బీడు అందరిదీ, కాబట్టి చూసేవాడు ఒక్కడూ లేడు. వానల్లో బురదలో కట్టేస్తారు, గిట్టలు కుళ్ళితే దిష్టి అంటారు. అన్నిటికంటే పెద్ద తెలివి ఇంకోటుంది. ఏటా బాగా ఎదిగిన పోతునే అమ్మవారికి కోసి తింటారు. ఇక ఆడమేకలు బక్క పోతులతోనే చూడి కడతాయి. పిల్లలు పిల్లికూనల్లా పుడుతుంటే, “ఎందుకు కన్నయ్యా ఇలా చిక్కిపోతున్నాయి?” అని నన్నే అడుగుతారు. చెప్తే నాకు భక్తి లేదంటారు.

ఇప్పుడు టాబియా మొత్తానికి పోతు అనదగ్గది నా దగ్గరే ఉంది. మనవడికి జ్వరమొస్తే, కోడలు పార్బతి నన్నడక్కుండా దాన్ని అమ్మవారికి మొక్కేసింది. జ్వరం దిగింది. నేను పోతునివ్వనన్నాను. ఆ రోజు నుంచి ఆ పిల్ల నాతో మాట్లాడదు. కంచం నేలమీద పెట్టి వెళ్ళిపోతుంది. పోతునిస్తే మంద పోతుంది, ఇవ్వకపోతే కోడలు పోతుంది. ఇంట్లో ఆ పిల్ల గొంతు వినపడకపోతే నాకు ముద్ద దిగడం లేదు. ఈ మాట నీకు తప్ప ఎవరికీ చెప్పలేదు.

జవాబు హిందీ మాటలు కలపకుండా రాయి.

నీ అన్న
కన్నయ్య

పండగయిన వారానికి, టాబియా

తమ్ముడు మున్సామికి,

పోతును నేనే గుడికి తోలుకెళ్ళాను. తిట్టుకోకు, ఆగు. పసుపునీళ్ళు పోస్తే మేక ఒళ్ళు దులపాలి, అప్పుడే అమ్మవారు ఒప్పుకున్నట్టు, నీకు తెలిసిందేగా. నేను పొద్దున్నే తల నుంచి తోక దాకా కొబ్బరినూనె పట్టించాను. “ఎంత నిగనిగలాడుతోందో” అని మెచ్చుకున్నారు మందబుద్ధులు. పూజారి చెంబుడు పోశాడు. నీళ్ళు ఒంటికి అంటకుండా జారిపోయాయి. ఇంకో చెంబు పోశాడు. పోతు ఆయన మెళ్ళో దండ నములుతూ నిలబడింది.

“వెనక్కి జరుగు కన్నయ్యా, నిన్ను చూసి బిగుసుకుపోయింది” అన్నాడు పూజారి.

“జరిగాను. ఇప్పుడు నిన్ను చూసి వణుకుతుందేమో చూడు.”

బిందె ఖాళీ అయింది. చివరికి కత్తి దించి, అమ్మవారు దీన్ని తన కోసం బతకనిచ్చిందన్నాడు.

మూడేళ్ళు నెత్తీ నోరూ కొట్టుకున్నా వినని వాళ్ళు, ఇప్పుడు అమ్మవారి పోతని ఆడమేకల్ని వరసగా తోలుకొస్తున్నారు. అది చిక్కుడు పాదులు మేస్తుంటే దండం పెడుతున్నారు. నేను దానికి తాడు వేయడానికి లేదు, అమ్మడానికి లేదు. ఈ గొర్రెల మధ్య నాదంటూ మిగిలిన ఒక్క మేకా పోయింది. పోనీ, మంద నిలిచింది.

పార్బతికి నిజం చెప్పలేదు. నిన్న అన్నం పెట్టి, వెళ్ళకుండా ఎదురుగా కూర్చుంది.

“పిల్లాడి తలకి చుక్క నూనె లేదు. డబ్బా అంతా ఏమైంది మామా?”

నేను అన్నం కలుపుకుంటూ పోయాను. ఆ పిల్ల ఇంకో గరిటె పప్పు తనే వేసింది.

నీ అన్న
కన్నయ్య