తూగులమ్మకు తెల్లతాడు సంచి

జూన్ 3
బట్టలు రెండు బకెట్లు ఉతికాను. చొక్కాలు ఆరు ఇస్త్రీ చేశాను. కోళ్లగూడు కడిగాను. గుడ్లు ఐదు.

చెల్లికి ఆశీస్సులు.

మీ ప్రయోగశాల సంచులు రెండూ అందాయి. పచ్చతాడుది ఆకుపొడి కలిపిన మేత, తెల్లతాడుది ఉత్త మేత అని రాశావు. చూపుకు రెండూ ఒకటే. ఇనుముకు తుప్పు పట్టినట్టు కోడి ఒంటికీ పడుతుందనీ, ఆకుల్లోని యాంటీ ఆక్సిడెంట్లు దాన్ని ఆపుతాయనీ మీ బావకు చదివి వినిపించాను. "అయితే నా కుట్టుమిషనుకీ ఓ గుప్పెడు పొయ్యవే" అన్నారు.

చీటీలు తీసి మూడు కోళ్లకు పచ్చ, మూడింటికి తెల్ల పెట్టాను. తూగులమ్మకు తెల్ల వచ్చింది. రెండు నెలలుగా గుడ్డు పెట్టని ముసలిది అదే. నెలాఖరుకు ఒక్కటయినా పెట్టకపోతే మాంసం కొట్టుకే అంటున్నారు మీ బావ. మధ్యాహ్నం గూట్లోకి ఎండ పలచగా దిగితే, అది కింది రెప్ప పైకి లాక్కుని తూగుతుంది. పక్కన కూర్చుంటే గోడలూ గిన్నెలూ అన్నీ తేలిపోతున్నట్టుంటుంది నాకు. దాని చీటీ మార్చనా?

ఇట్లు, అక్క

తా.క. చిన్నప్పుడు నువ్వు మింగిన నా అర గుడ్డు బాకీ ఇంకా పుస్తకంలోనే ఉంది.

జూన్ 7

అక్కకు నమస్కారం.

మార్చావో, నా పరీక్ష గంగపాలు! మా అధికారి నన్ను నమిలేస్తాడు. చీటీ చీటీయే.

నీ చెల్లి

తా.క. దాని కళ్లలోకి చూడకు.

జూన్ 24
గుడ్లు ఆరు!

చెల్లికి,

కళ్లలోకి చూడలేదు. అదే చూసింది. పచ్చతాడు మేత కోళ్లు తింటుంటే మధ్యన కట్టిన కంచెలోంచి తల పక్కకు పెట్టి చూసింది. ఆ రాత్రి కలలో నన్ను పేరు పెట్టి పిలిచింది కూడా. మర్నాటి నుంచి రెండు సంచులూ సమంగా కలిపి, ఆరింటికీ చెంచా కొలతతో పోశాను. ఇవాళ తూగులమ్మ పెట్టింది! నీ ఉద్యోగం ఏమవుతుందోనని అన్నం సయించడం లేదు. తప్పంతా నాదేనని మీ అధికారికి నేనే రాస్తాను. గుడ్డు బస్సు కండక్టరు చేత పంపాను.

అక్క

తా.క. మీ బావ ఆ గుడ్డును దీపానికి అడ్డంపెట్టి అరగంట చూశారు. గూటికి కొత్త తలుపు కొలతలు తీస్తున్నారు.

జూన్ 28

అక్కా,

ఎవరికీ రాయకు. రెండు సంచుల్లోనూ ఆకుపొడి మేతే! ఉత్త మేత తినే కోళ్లు మా ప్రయోగశాలలోనే ఉన్నాయి. అమ్మ దారంతో కోసిన గుడ్డు చెక్కల్ని తక్కెట్లో తూచి తినే మనిషివి, ఎప్పటికైనా రెండూ కలిపి సమంగా పంచుతావని నాకు తెలియదూ? ఒకే సంచి ఇస్తే పక్కింటి కోళ్లకూ పంచేదానివి. చీటీ మార్చొద్దని నేను కోప్పడకపోతే తూగులమ్మ ఒక్కదానికే రెట్టింపు పోసేదానివి. మిగతా గుడ్ల లెక్కలు చక్కగా వచ్చాయి. ముసలిది మాత్రం పొడికి పెట్టిందో, నువ్వు పక్కన కూర్చున్నందుకు పెట్టిందో ఏ పరీక్షా చెప్పలేదు.

దాని గుడ్డును పరీక్షకు ఇవ్వలేదు. ఉడకబెట్టి దారంతో రెండు చేశాను. సొన సాయంత్రపు ఎండలా ఉంది. ఒక చెక్క నేను తిన్నాను. రెండోది ఈ ఉత్తరం తెచ్చిన కండక్టరు దగ్గర, డబ్బాలో ఉంది.

నీ చెల్లి

తా.క. తూచుకున్నాక పుస్తకంలో రాసుకో: అర గుడ్డు, బాకీ చెల్లు.