బాపు తుడిచిన కంప్యూటర్

19 అక్టోబర్ 1999 – దసరా

షాపులో పూజ అయింది. లగ్గం కార్డులు కొట్టే నా కంప్యూటర్‌కూ పసుపు, కుంకుమ. బాపు తన కుట్టుమిషన్ విప్పి తుడిచినట్టే దీని డబ్బా కూడా విప్పి తుడిచాడట, నేను ఇంట్లో వంట చేస్తుండగా. "నూనె మాత్రం పొయ్యలే బిడ్డా, ఒట్టు." అదే పదివేలు.

20, బుధ

బాపు దోస్తు రఫీక్ చాచా హైదరాబాద్ నుంచి వచ్చాడు. గుడిలో బాపు భజనలను తాను రికార్డు చేసిన క్యాసెట్ అరిగిపోతోందని సీడీ చేయించుకొచ్చాడు. "సుల్తానాబాద్‌ల సీడీ పాడేది నీ కంప్యూటరొక్కటే బేటీ."

ఆదివారం సాయంత్రం ఆపరేషన్‌కు బయల్దేరాలి. బాపు గొంతులో గడ్డ. తీశాక పాట ఉంటుందో లేదో చెప్పలేమన్నాడు డాక్టర్.

ఇన్నేళ్లు పాడిన మనిషి తన పాట తాను ఎప్పుడూ వినలేదు. "పాడెటోనికి వినుడెందుకు" అని దాటేసేవాడు. ఇవాళ తనే – "జర వినిపియ్యరాదు."

21

సీడీ పెట్టాను. పాటల ప్రోగ్రాం సీడీ డ్రైవ్ లేదంటుంది. కళ్లెదుట ఉంది కదే మొద్దూ... బటన్ నొక్కినప్పుడల్లా సీడీ పళ్లాన్ని నాలుకలా చాపుతూనే ఉంది.

22

ప్రోగ్రాం తీసేసి మళ్లీ వేశాను. అదే మాట. బాపు గుండీలు కుడుతూ – "పరేషాన్ గాకు. నా పాట యాడికి పోతది."

అన్నాక ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు.

23, శని

కరీంనగర్‌లో కంప్యూటర్ అమ్మినాయనకు ఫోన్. "స్క్రీన్ మీద డ్రైవ్ బొమ్మ కనవడ్తుందా?" లేదు. "అయితె ప్రోగ్రాంది తప్పు గాదమ్మా. కంప్యూటరే డ్రైవ్‌ను గుర్తువడ్తలేదు. లోపట వెడల్పు వైరుంటది, దాని ఎర్ర అంచు కరెంటు వైరు దిక్కుండాలె."

విప్పి చూశాను. ఎర్ర అంచు అవతలి వైపుకుంది. బాపును పిలిచాను.

"ఈ వైరు ఊడదీసినవా?"

"దుమ్ముండె. తుడిచి మల్ల పెట్టిన."

"ఎట్ల?"

"ఎర్ర అంచు బయటికి కనవడ్తుండె. లోపటికి మలిపిన. అంచు బయటికుంటె పని సక్కగుంటదా?"

కోపం రావాల్సింది. నవ్వొచ్చింది, ఆపుకోలేనంత. దర్జీ చేతికి చిక్కిన కంప్యూటర్ – లైనింగ్ వెయ్యలేదు, నయం. ఇంత ముద్దొచ్చే మనిషిని ఏమని తిడతాను.

వైరు తిప్పి పెట్టాను. బొమ్మ వచ్చింది.

24

పొద్దున్నే విన్నాం. అమ్మ, చాచా, నేను గోడకానుకుని. బాపు ఒక్కడే కుర్చీలో, కళ్లు మూసుకుని.

రెండో పాటలో "ఆపు" అన్నాడు. ఆపాను.

"తాళం తప్పిండు. గా కాడ మల్ల వెయ్యి."

మళ్లీ వేశాను. విన్నాడు. "అయినా... మంచిగనే పాడుతుండు గీయన" – ఎవరి గురించో చెప్తున్నట్టు. చాచా చెప్పులు వెతుక్కునే వంకతో బయటికి పోయాడు.

సాయంత్రం బస్సు.

26

ఆపరేషన్ అయింది. గడ్డ మొత్తం తీశారట. గొంతు సంగతి కట్టు విప్పాకే.

27

బాపును మాట్లాడొద్దన్నారు. నేను పిలవొద్దని ఎవరూ అనలేదు. దుప్పటి సర్దుతూ "బాపూ" అన్నాను.

పెదవులు కదిలాయి. నర్సు వద్దని వేలు చూపించింది. నోరు మూసుకుని నా చెయ్యి పట్టుకున్నాడు.

పిలిస్తే ఎప్పుడూ పలికే ఆ "ఊఁ" కోసం ఇంకా చెవి అటే...